చివరి సీటు దాకా నడిచే ఆవిడ

జరిగిన అన్యాయాలను ముందుగా నమోదు చేస్తున్నాను. ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు నా డైరీలో రాసుకున్నవే.

మార్చి రెండవ శనివారం: మన తెలుగు సంఘం సభ్యురాలు ఒకరు మరణించిన సంగతిని కార్యవర్గం మూడు వాక్యాల ఈమెయిల్‌తో ప్రకటించింది. అందులో ఆమె "హాలు నిర్వహణలో సహకరించిన సీనియర్ వాలంటీర్". మూసి ఉన్న ఆ హాలును తెరిపించింది ఆమేనన్న మాట లేదు.

ఏప్రిల్ మూడవ ఆదివారం: అదే హాలులో "కథల ద్వారా సంస్థలలో మార్పు" అనే వర్క్‌షాప్ జరిగింది. బయటినుంచి వచ్చిన వక్త ఆమె కథనే తెర మీద బొమ్మలతో చూపించాడు. ముగింపు మాత్రం మార్చేశాడు.

మే చివరి శుక్రవారం: వారపు రోజులలో హాలు తెరవడం "ప్రయోగాత్మక కార్యక్రమం" మాత్రమేననీ, ప్రయోగం ముగిసిందనీ కార్యవర్గం ఉత్తరం పంపింది.

జూన్ మొదటి మంగళవారం: తలుపు తాళానికి కోడ్ మార్చారు. పది గంటలకు నలుగురు పెద్దవాళ్ళు బయట నిలబడిపోయారు. ఒకాయన వాకర్ పట్టుకుని ఉన్నాడు. దింపిన పిల్లలు అప్పటికే ఆఫీసులకు వెళ్ళిపోయారు.

ఐదవది వీటన్నిటికంటే పాతది, ఆరేళ్ళ నాటి ఫిబ్రవరిలో జరిగింది. అది చేసినవాడిని నేనే. దాన్ని దాని చోట చెబుతాను.

ఆమె పేరు రాయను. మరచిపోయి కాదు, ఆమె కోరిక అది. ఒకసారి మన వార్షిక సంచికలో ఫోటో వేస్తామంటే, "కథ చెప్పినోళ్ళ పేరు కథలో ఉంటదా అండీ?" అని తప్పించుకున్నారు. కాబట్టి నా ఫిర్యాదు పేరు గురించి కాదని కార్యవర్గం గమనించాలి.

ఆమె ఇక్కడ, ఈ అమెరికా ఊరు ట్రాయ్‌లో, ఇరవై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపారు. ఇంజనీరుగా పనిచేసిన భర్త హఠాత్తుగా పోయాక ఆమె చేసిన మొదటి పని బస్సు లైసెన్సు తీసుకోవడమట. ఆమె జీవితచరిత్ర నాకు ఇంతకు మించి తెలియదు. తెలిసినా ఇక్కడ పనికిరాదు. బస్సు మాత్రం పనికివస్తుంది, ఎందుకంటే ఉద్యోగం మానేశాక కూడా ఆమె బస్సు దిగలేదు.

సమావేశాలలో మాట్లాడటానికి లేచినప్పుడు ముందుగా తల ఎత్తి సీలింగు వైపు చూసేవారు. దైవప్రార్థన అని కొత్తవాళ్ళు అనుకునేవారు. అది డ్రైవరు నెత్తి మీద ఉండే వెడల్పాటి అద్దం. అక్కడ లేని ఆ అద్దంలో వెనక వరసలన్నీ చూసుకుని గాని నోరు విప్పేవారు కాదు.

"వెనక కుడి పక్క, నీలం చొక్కా బాబు, ఫోను లోపల పెట్టమ్మా."

ఆ బాబుకు యాభై ఏళ్ళు. కార్ల కంపెనీలో ఒక విభాగానికి అధిపతి. ఫోను జేబులో పెట్టుకునేవాడు.

కథ చెబుతున్నంతసేపూ రెండు చేతులూ ఒక చక్రాన్ని పట్టుకున్నట్లే ఉండేవి. కథ మలుపు తిరిగితే చేతులు తిరిగేవి. సరిగ్గా మనం ముందుకు వంగి వినే చోట కుడి చేత్తో తలుపు పిడి లాగినట్లు లాగి, "స్టాప్ వచ్చింది. మిగతాది వచ్చేసారి" అని కూర్చునేవారు. ఎంత బతిమాలినా ఇంకొక మాట వచ్చేది కాదు. కోరం లేక వాయిదా పడే మా సమావేశాలకు సభ్యులు వేళకు రావడం మొదలైంది ఆ తరువాతనే. హాజరు పుస్తకం నా దగ్గర ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఈ పద్ధతి ఆమెకు బస్సులోనే అబ్బింది. ఆమె అంత్యక్రియలకు వచ్చిన ఒక అమ్మాయి, ఇప్పుడు తానే ఒక బిడ్డ తల్లి, తన తెలుగులో నాతో చెప్పింది: "బస్ ఆంటీ నా స్టాప్ దగ్గరే స్టోరీ ఆపేది అంకుల్. రోజూ! ఐ వాజ్ సో మ్యాడ్. నా పక్కన ఎవరూ కూర్చోరు అప్పుడు, నేను కొత్త కదా. తర్వాత అందరూ నా పక్కనే కూర్చున్నారు. ఎందుకంటే స్టోరీ ఎక్కడ ఆగిందో నాకే కరెక్ట్‌గా గుర్తుంటుంది." ఆ బస్సులో ఎవరినీ మందలించలేదట. కొత్త పిల్లను వెలివేయకండని ఒక్క మాటైనా అనలేదట.

మా దగ్గరా అంతే. వార్షిక విందు తరువాత పెద్ద గిన్నెలన్నీ ఆడవాళ్ళే కడుగుతున్న రోజులలో, సొంత నీడను ఒక పెద్ద గంగాళంలో పోగొట్టుకున్న మొగుడి కథ ఒకటి మొదలుపెట్టి, ఆ గంగాళం అడుగు కనబడే ముందు ఆపేశారు. మరుసటి విందులో వంటింటి సింకు దగ్గర నలుగురు మగవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని కనిపించారు. "దీనిలో నీతి ఏమిటి మేడం?" అని ఒకరు హాస్యానికి అడిగితే, "దిగేటప్పుడు ఎవరి బ్యాగు వాళ్ళు తీసుకుపోవాల. అంతకు మించి నీతి లేదు" అన్నారు.

సమావేశం ముగిశాక అందరూ తలుపు వైపు నడిస్తే ఆమె ఎదురు నడిచేవారు. ప్రతి వరసలోకీ వంగి చూస్తూ చివరి కుర్చీ దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కు వచ్చేవారు. ఏమైనా పోగొట్టుకున్నారా అని ఒకసారి అడిగాను.

"రూటు అయిపోయినాక డ్రైవరు చివరి సీటు దాకా నడిచి చూడాలండీ. నిద్రపోయిన బిడ్డ ఒకరన్నా ఉంటారు. ముందు నుంచి చూస్తే బస్సు ఎప్పుడూ ఖాళీగానే కనపడుద్ది."

ఈ మాటను ఆ రోజే డైరీలో రాసుకున్నాను. అర్థమై కాదు. రాసుకోవడం నా అలవాటు గనుక.

ఆ అలవాటు గురించే ఆమెకూ నాకూ తగువు. కథ చెప్పేవారికి వినేవారు ఊఁ కొట్టాలని మన ఇళ్ళలో పెద్దలు నేర్పిన పద్ధతి. ఆమె దానిని సభలో కూడా సడలించలేదు. ఊఁ వినబడకపోతే బండి ఆగిపోయేది. అధ్యక్షుల చేత, కోశాధికారి చేత ఊఁ కొట్టించారు. నేను మాత్రం కొట్టలేదు. నేను అప్పట్లో కార్యదర్శిని, తల వంచి రాసుకుంటూ ఉండేవాడిని.

"సెక్రటరీగారూ, మీరు ఊఁ అనరేందండీ?"

"రాసుకుంటున్నాను మేడం."

"రాస్తే విన్నట్టేనా?"

సభ నవ్వింది. ఆ నవ్వును నేను సమావేశపు మినిట్స్‌లో రాయలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆమె కథలు కూడా రాయలేదు. కార్ల విడిభాగాల నాణ్యతా పత్రాలు ముప్పై ఏళ్ళు చూసినవాడిని. ప్రతిపాదన, బలపరచడం, నిర్ణయం. ఇవే రికార్డు అని నా సిద్ధాంతం. ఆమె చెప్పినవాటికి నేను కేటాయించిన వాక్యం ప్రతిసారీ ఒక్కటే: "ఒక సభ్యురాలు ప్రసంగించిరి."

ఇక హాలు సంగతి. మన హాలు ఒకప్పుడు ఒక బ్యాంకు శాఖ. కార్లు ఆగడానికి పక్కన వేసిన డ్రైవ్‌త్రూ కప్పు ఇప్పటికీ ఉంది. కొన్న తరువాత దానిని శనాదివారాలు తప్ప తెరవలేదు. ఇన్సూరెన్సు, హీటింగు, ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న, ఇలా కారణాలు చాలా ఉండేవి. పిల్లల దగ్గరకు ఆరునెలలు వచ్చి, కారు నడపడం రాక, సోమవారం నుంచి శుక్రవారం దాకా కిటికీ దగ్గర కూర్చునే తల్లిదండ్రుల కోసం హాలు తెరవమని అడిగిన ప్రతిసారీ ఆ కారణాలను నేను చక్కని చేతిరాతతో నమోదు చేశాను.

ఆరేళ్ళ కిందటి జనవరి సమావేశంలో ఆమె లేచి అద్దంలో చూసుకున్నారు.

"అనగనగా ఒక ఊరోళ్ళు అందరూ కలిసి ఒక సత్రం కట్టుకున్నారు."

"ఊఁ" అన్నారు అధ్యక్షులు.

"జనం వచ్చిపోతే పాడవుద్దని తాళం ఏశారు. తాళంచెవి పోద్దేమోనని దానికి కాపలా ఒకణ్ణి పెట్టారు. వాడు నిద్రపోతాడేమోనని వాడికి కాపలా ఇంకొకణ్ణి పెట్టారు. ఆ ఇంకొకడికి మళ్ళా ఇంకొకడు. పోను పోను ఊరంతా కాపలాకే సరిపోయింది. ఒకనాడు పెద్ద వాన. ఎక్కడి నుంచో ఒక ముసలమ్మ వచ్చింది. 'ఈ సత్రం ఎవరిది నాయనా?' అంది. 'మనందరిదీ అవ్వా' అన్నారు. 'మరి అందరూ వానలో నిలబడ్డారేంది?' అంది."

"ఊఁ. అప్పుడు?"

పిడి లాగారు. స్టాప్ వచ్చింది.

ఫిబ్రవరి సమావేశం రోజు బయట మోకాలి లోతు మంచు. అయినా కుర్చీలు చాలలేదు. ఆమె మొదలుపెట్టారు.

"ఆ ముసలమ్మ ఎక్కడికీ పోలేదండీ. మొన్న మంగళవారం మన హాలు కాడికే వచ్చింది."

"ఊఁ" అన్నారు అధ్యక్షులు నవ్వుతూ. ఆయన వరంగల్లు వైపు మనిషి, స్నేహశీలి. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

"లోపల లైటు ఎలుగుతుంటే మనుషులున్నారనుకుంది. పని మీద వచ్చి లైటు ఆర్పడం మర్చిపోయిందెవరో నాకు తెలవదు. తలుపు తట్టింది. ఆ బ్యాంకు కప్పు కింద గంట సేపు నిలబడింది. నేను పాలకి పోతా చూశాను."

"ఊఁ."

"చేతులు రెండు మడతలు పెట్టిన మగోళ్ళ జాకెట్టు ఏసుకుంది. జేబు మీద కంపెనీ బొమ్మ. మెడకి ఎర్ర మఫ్లరు. ఇంటికి తీసుకుపోయి కాఫీ ఇస్తే, గ్లాసు తాగడానికి కాకుండా పట్టుకోడానికే పట్టుకుంది. 'మావోడికి చెప్పకు బిడ్డా, మళ్ళ నన్ను బయటికి పోనియ్యడు' అంది. పేరు లేకుండా చెప్పుకోమంది. అందుకని చెప్తన్నా."

ఊఁ రాలేదు.

"ప్రెసిడెంటుగారూ, ఊఁ అనండి. కథ ముందుకు పోవాల."

ఆయన బల్ల మీద ఉన్న తన చేతులను చూసుకుంటూ ఉండిపోయారు. సభతో కాదు, తనలో తాను అన్నట్లుగా అన్నారు: "అమ్మ నాకు చెప్పలే."

 ఆమె చేతులు చక్రం మీదనుంచి దించేశారు. అలా దించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అధ్యక్షులు తల ఎత్తి, "తాళం తియ్యిండ్రి. రేపటి సంది రోజూ తియ్యిండ్రి. ఒక్కరొచ్చినా సరే, ఈ హాలున్నన్ని రోజులు తియ్యాల్సిందే" అన్నారు. అందరూ చేతులెత్తారు. వద్దన్న వాళ్ళు లేరు.

వక్త వర్క్‌షాప్‌లో చూపించిన ముగింపులో దూరదృష్టి గల నాయకుడొకడు గొడ్డలితో తాళం పగలగొడతాడు. ఆమె కథలో అలాంటివాడు లేడు. ఆమె కథకు ముగింపే లేదు. దానిని విన్నవాళ్ళలో ఒకరు, తన సొంత గొంతుతో, ముగించాలి. ఆ గొడ్డలిని చేర్చడంతోనే ఆ కథ ఎందుకు పనిచేసిందో వక్తకు తెలియదని తేలిపోయింది.

ఇప్పుడు ఐదవ అన్యాయం. ఆ రోజు ఇంటికి వెళ్ళి నేను రాసిన మినిట్స్ ఇది, అక్షరం మార్చకుండా: "ఒక సభ్యురాలు ప్రసంగించిరి. హాలు వినియోగంపై చర్చ జరిగినది. వారపు దినములలో హాలును ప్రయోగాత్మకముగా తెరచుటకు అధ్యక్షులు అంగీకరించిరి."

ప్రయోగాత్మకముగా. ఆ మాట సభలో ఎవరూ అనలేదు. తీర్మానాన్ని పద్ధతి ప్రకారం ప్రతిపాదించలేదు, బలపరచలేదు. కన్నీళ్ళ మీద జరిగిన నిర్ణయం ఎన్నాళ్ళు నిలుస్తుందన్న శంక నాది. జాగ్రత్త కోసం చేర్చాను. ప్రతులు అందరికీ పంపిన మరునాడు ఆమె ఫోన్ చేశారు.

"సెక్రటరీగారూ, ఈ 'ప్రయోగాత్మకం' అన్నది ఎవరండీ?"

"విధానం ప్రకారం చూస్తే మేడం, తీర్మానం..."

"నేనడిగింది ఎవరన్నారని."

"నేనే రాశాను."

 ఆమె నవ్వారు. "పోన్లెండి. తలుపు తెరిచారుగా. కానీ చెప్పినోళ్ళం పోతాం, విన్నోళ్ళూ పోతారు. మీ కాగితమే మిగులుద్ది. చూసుకోండి."

నేను చూసుకోలేదు. ఆరేళ్ళు తలుపు తెరిచే ఉంది. మంగళవారం పారాయణం, గురువారం క్యారమ్స్, మిగతా రోజుల్లో ఊరికే కూర్చోవడం. ఎర్ర మఫ్లరు పెద్దావిడ కిటికీ పక్క కుర్చీలో స్వెట్టర్లు అల్లేవారు. ఇప్పుడు ఆవిడ ఇక్కడ లేరు. అప్పటి అధ్యక్షులైన కొడుకు ఉద్యోగం మారడంతో ఇద్దరూ వేరే రాష్ట్రానికి వెళ్ళారు. ఆ సభలో చేయి ఎత్తినవాళ్ళలో ఇప్పటి కార్యవర్గంలో ఒక్కరూ లేరు.

ఈ ఏడాది ఫిబ్రవరి చివర, కథలు చెప్పిన ఆమెను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. అలవాటుగా నోట్‌బుక్ తీశాను. ఏవైనా కోరికలుంటే రాసుకుందామని. ఆమె చాలా చిక్కిపోయారు. చేతికి సూది ఉంది.

"పుస్తకం మూయండి" అన్నారు. "ఇయాళ ఊఁ కొట్టేవాళ్ళు ఎవురూ లేరు. మీరే దిక్కు."

మూశాను. ఆమె కళ్ళెత్తి సీలింగు వైపు చూశారు.

"అనగనగా ఒక ఊళ్ళో ఒక రాసేవాడు ఉన్నాడు."

 "ఊఁ" అన్నాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆమె ముఖంలో వెలుగు కనిపించింది.

"ఊళ్ళో ఎవురేమన్నా రాసేవాడు. పెళ్ళిలో మంత్రాలు రాసేవాడు, పొలంలో తిట్లు రాసేవాడు. ఎవురి కళ్ళల్లోకీ చూసే తీరిక లేదు. ఒకనాడు ఊరోళ్ళందరూ వాడి ఇంటి ముందుకి వచ్చారు. 'ఫలానా రోజు మేం ఏమన్నామో చదువు' అన్నారు. వాడు పుస్తకం తీశాడు. చూస్తే..."

"ఊఁ. చూస్తే?"

తలుపు తెరుచుకుంది. స్కాన్‌కు తీసుకువెళ్ళడానికి నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. ఆమె సూది లేని చేత్తో, రెండంగుళాల మేర, గాలిలో పిడి లాగారు.

"స్టాప్ వచ్చిందండీ."

వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం నాకు జలుబు చేసింది. రోగి గదిలోకి జలుబుతో వెళ్ళకూడదని ఆగాను. అదీ జాగ్రత్తే. మార్చి రెండవ శనివారం ఈమెయిల్ వచ్చింది.

ఆ పుస్తకంలో వాడు ఏం చూశాడో మే చివరి శుక్రవారం దాకా నాకు తెలియలేదు. ఉత్తరం అందిన వెంటనే ఇప్పటి కార్యదర్శికి ఫోన్ చేశాను. మంచి కుర్రవాడు, నన్ను గౌరవిస్తాడు.

"అంకుల్, మేం ఏదీ మా సొంతంగా చెయ్యట్లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు డాక్యుమెంట్ అడిగారు. మీ మినిట్స్ తీసి చూశాం. అందులో ప్రయోగాత్మకం, అంటే పైలట్ అనే ఉంది కదా."

"నాయనా, ఆ రోజు సభలో అలా అనలేదు."

"అంటే రికార్డ్ తప్పా అంకుల్? మీ మినిట్స్ మా అందరికీ గోల్డ్ స్టాండర్డ్ కదా!"

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు.

మంగళవారం నేను హాలు దగ్గరకు వెళ్ళాను. ఆ నలుగురూ బ్యాంకు కప్పు కింద నిలబడి ఉన్నారు. నాకు కోడ్ తెలియదు. వాకర్ పెట్టాక కారులో ఇద్దరినే ఎక్కించుకోగలిగాను. మిగతా ఇద్దరి కోసం మళ్ళీ వచ్చాను. అందరినీ ఇళ్ళకు చేర్చి తిరిగి వచ్చి, ఆ కప్పు కింద ఈ చివరినుంచి ఆ చివరి దాకా ఒకసారి నడిచి చూశాను. వాకర్ పెద్దాయన కళ్ళజోడు పెట్టె గోడ పక్కన ఉంది. ముందు నుంచి చూస్తే కనబడలేదు.

కార్యవర్గానికి నా అభ్యర్థన ఇది. ఆనాటి మినిట్స్‌లో "ప్రయోగాత్మకముగా" అన్న మాట సభది కాదు, నాది అని ఇందుమూలముగా అంగీకరిస్తున్నాను. సవరణ పత్రాన్ని సంతకం చేసి జతపరుస్తున్నాను. అధ్యక్షులు అన్న మాటలను ఆయన అన్నట్లే అందులో రాశాను. ఆయన కొత్త చిరునామా నుంచి ధ్రువీకరణ కూడా తెప్పించాను. సత్రం కథను అనుబంధంగా చేర్చాను. గొడ్డలి లేదు, ముగింపు లేదు.

సవరణను రికార్డులోకి తీసుకుంటారా? తీసుకుంటే ఏ మంగళవారం నుంచి తలుపు తెరుస్తారు? తీసుకోకపోతే, చలికాలంలో ఆ కప్పు కింద నిలబడేవాళ్ళను చివరిదాకా నడిచి చూసే బాధ్యత మీలో ఎవరిది? ఈ మూడింటికీ ఈ ఉత్తరం అచ్చైన సంచిక వెలువడిన ముప్పై రోజుల లోపల సమాధానం కోరుతున్నాను.

సమాధానం వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాటగా నాకు చెప్పవద్దు. ఒక నోటిమాటను కాగితం మీద పెట్టే పని నాకు అప్పగిస్తే ఏం చేశానో పైన రాశాను.